కూలిన యిండ్లు — కట్టిన చేతులు



మన సంఘము వార్షిక మహాసభ జరుపుకొను ప్రతి పర్యాయమును ఈ సంచికలో వంశోత్పత్తిని గూర్చియు, పూర్వుల దానధర్మములను గూర్చియు, విద్యార్థి వసతిగృహముల స్థితిగతులను గూర్చియు వ్యాసములు వెలువడుట పరిపాటి. అవి యెల్ల కావలసినవే. కాని యీ పర్యాయము మేము మన కులమునకు గాని, మనలో పెక్కుమంది యనుసరించు మతమునకు గాని చెందని యొక చరిత్రను తీసికొని మీ యెదుట నిలిచితిమి. పరుల చరిత్ర మనకేల యని యడుగవచ్చును. అద్దములో మోము చూచుకొనువాడు అద్దమును చేసినవాని కులమడుగడు గదా. ఇదియు నట్టిదే.

ఉప్పెనయో, భూకంపమో, వరదయో వచ్చి జనుల యిండ్లు కూలినపుడు, దూరదేశముల క్రైస్తవ సంఘములవారు కొందరు సొంత ఖర్చులతో ప్రయాణము చేసి, పది దినములో, నెలయో, ఏడాదియో అచ్చట నిలిచి, తమ చేతులతో నిండ్లు కట్టియిచ్చి మరలిపోవు నాచారమొకటి కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నిది మిక్కిలి వ్యాపించినది. అచ్చటి మెన్నోనైటు శాఖవారు 1950లో కాన్సాస్ రాష్ట్రమందలి హెస్టన్ పట్టణమున నిందుకై యొక సేవాదళమునే స్థాపించుకొనిరి. 2005 ఆగస్టు 29న కట్రీనా యను తుపాను వచ్చి న్యూ ఆర్లియన్సు నగరములో నూటికి 80 వంతులు నీట ముంచినపుడు, దేశము నలుమూలల నుండి చర్చి బృందములు బయలుదేరెను. సెలవులలో నున్న విద్యార్థులు, ఉద్యోగ విరమణ చేసిన వడ్రంగులు, న్యాయవాదులు, గృహిణులు చర్చి నేలలపై పరుండుచు, పగలెల్ల బురదతో నిండిన యిండ్లలోని కుళ్ళిన గోడపలకలను ఊడదీసి మోసిరి. మడత నలగని చొక్కా తొడుగువాడు పరాయివాని యింటి బురద నెత్తుట యెక్కడ మొదలయ్యెను? ఎట్లు పెరిగెను? దానియందలి మంచి యేమి, లోపమేమి? ఈ ప్రశ్నలకు చరిత్ర చెప్పు సమాధానమును మీకు విన్నవింతుము.

ఈ కథలో ముందుగా చెప్పవలసినవాడు స్విట్జర్లండు దేశస్థుడైన పియేర్ సెరెజోల్. ఈయన 1879లో లోజాన్ నగరమున జన్మించెను. తండ్రి 1873లో ఆ దేశమునకు అధ్యక్షుడుగా నుండినవాడు. కుమారుడు గణితము, యంత్రశాస్త్రము చదివిన యింజనీరు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున సైనికపు పన్ను చెల్లించుట తన క్రైస్తవ విశ్వాసమునకు విరుద్ధమని నిరాకరించి చెరసాల కేగెను. అధ్యక్షుని కుమారుడు పన్ను చెల్లింపక ఖైదులో నుండుట ఆ దేశమున నెంత వింతగా నుండెనో మీరే యూహింపుడు.

యుద్ధము ముగిసిన పిమ్మట 1919లో హాలండు దేశమందలి బిల్తోవెన్ అను నూర పలుదేశముల శాంతికాముకులైన క్రైస్తవులు సమావేశమైరి. మరుసటి యేడు మరల కూడినపుడు, జర్మను ప్రతినిధి యొకడు లేచి, తనవారు ఫ్రాన్సులో చేసిన ధ్వంసమును సరిదిద్దుటకు తాను చేతులతో పని చేయ గోరుచున్నానని చెప్పెను. తీర్మానములు వ్రాసి విసిగియుండిన సెరెజోలునకు ఈ మాట మనసున నాటుకొనెను. 1920 చలికాలమున వెర్డన్ యుద్ధభూమికి సమీపమున నున్న ఎన్-ఆన్-ఆర్గోన్ అను పల్లెలో ఆయన కొలదిమందితో పని ప్రారంభించెను. ఆ పల్లె ఫిరంగులచే నేలమట్టమైయుండెను. స్విస్సులు, ఆంగ్లేయులు, వారితో కొందరు జర్మనులు, నిన్నటి శత్రువులు, కలిసి శిథిలములు తొలగించిరి, గుంటలు పూడ్చిరి, బాటలు సరిచేసిరి, గ్రామస్థులు తలదాచుకొనుటకు కొయ్యయిండ్లు నిలిపిరి. సైన్యమున కర్నలుగా నుండిన సెరెజోల్ సోదరుడు ఎర్నెస్టు కూడ ఈ సేవా వ్యవస్థకు పిదప చేయూత నొసగెను. శాంతివాది, సైనికుడు ఒకే తల్లి బిడ్డలై యొకే పారను పట్టిరి.

ఈ పని సుఖాంతము గాలేదు. 1921 వసంతమున నచ్చటివారు జర్మనులు తమ యూర నుండుటకు సమ్మతింపక పోయిరి. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులకు ఆ భాష చెవిని బడిననే గుండె మండెడిది కాబోలు. జర్మనులను పంపివేసి మిగిలినవారుండవచ్చునను దారి యొకటి యుండెను. కాని యట్లు చేసిన తమ సేవ కర్థమేలేదని తలచి, అందరును కలిసి పల్లెను విడిచిరి. చేసిన మేలును తీసికొనుటకు కూడ నెదుటివాని మనసు సిద్ధముగా నుండవలెనను పాఠము దీనివలన తెలియుచున్నది. మేలు చేయువాడు ఎదుటి గుండెలోని గాయమును లెక్కింపక పోరాదు.

ఆ పిదప 1924లో స్విట్జర్లండులోనే మంచుచరియ విరిగిపడిన కొండపల్లెలో సెరెజోల్ సోదరులు మరల పారలు పట్టిరి. 1927లో రైను నది గట్టు తెంచుకొని లీహ్‌టెన్‌స్టైన్ అను చిన్న రాజ్యమును ముంచగా, 1928లో పలు దేశముల నుండి 700లకు పైగా స్వచ్ఛంద సేవకులు వచ్చి పొలములలో మేటవేసిన యిసుకను, రాళ్ళను ఎత్తిపోసిరి. వీరు జీతము తీసికొనరు. భోజనము, పడక మాత్రమే. పనిచేయు చోట మతబోధ చేయరు. మాటలు గాదు, చేతలు అనునదే వారి సంకల్పవాక్యము. క్రైస్తవ సభలో పుట్టిన యీ సంస్థ, క్రైస్తవులు గానివారికిని, దేవుని నమ్మనివారికిని తలుపులు తెరిచినది.

ఇంతవరకు చెప్పినది యూరపు కథ. ఇక మన దేశమునకు వత్తము.

1934 జనవరి 15వ తేదీ, సంక్రాంతి దినములు, మధ్యాహ్నము రెండు గంటలు దాటెను. బీహారులోను, నేపాళములోను భూమి కంపించెను. బీహారులో 7 వేలకు పైగా, నేపాళములో 8 వేలకు పైగా జనులు మడిసిరి. ముంగేరు, ముజఫర్‌పూరు, దర్భంగా పట్టణములు పాడుపడెను. ఉత్తర బీహారులో నేల నెఱ్ఱెలు విచ్చి, వానినుండి నీరును ఇసుకయు పైకి చిమ్మి, పొలములను కప్పెను; నూతులు ఇసుకతో పూడెను; చక్కెర మిల్లులు కూలుటచే కోతకు వచ్చిన చెఱకు పొలములందే నిలిచిపోయెను. నేల యెత్తుపల్లములు మారుటచే, అదివరకు మెరకన నుండిన పల్లెలు కొన్ని వరదనీటి పాలగు స్థితి కలిగెను. కూలిన యింటిని కూలిన చోటనే కట్టిన రాబోవు వర్షాకాలమున మరల మునుగును. పల్లెను పల్లెగా నెత్తయిన చోటికి తరలింపవలసి వచ్చెను.

అప్పుడు చెరసాలలో నుండిన బాబూ రాజేంద్రప్రసాదుగారు రెండు దినములలో విడుదలయై సహాయసంఘమును నెలకొల్పిరి. ఆ సంఘపు లెక్కలను చూచుటకు వచ్చినవాడు తంజావూరి క్రైస్తవుడును, గణకవిద్యలో దిట్టయునైన జె. సి. కుమరప్ప. జవహర్‌లాల్ నెహ్రూ ముంగేరులో పలుగును పారను చేతబట్టి శిథిలములు త్రవ్విరి. గాంధీజీ, ఈ భూకంపము అస్పృశ్యతా పాపమునకు దైవము విధించిన శిక్ష యనిరి. అస్పృశ్యతను గర్హించుటలో గాంధీజీకి తీసిపోని రవీంద్రనాథ ఠాకూరు, ప్రకృతి సంఘటనను నీతితో ముడివెట్టుట తగదని ఖండించి వ్రాసిరి. గాంధీజీ యా లేఖను తమ హరిజన పత్రికలోనే 1934 ఫిబ్రవరిలో ప్రకటించి తమ సమాధానము నిచ్చిరి. ఈ వాదములో నెవరి పక్షమో నిర్ణయించుట మా పని గాదు. శాస్త్రము నెఱిగిన యీ కాలపువారికి ఠాకూరు మాటయే సరియని తోచును. అయినను గాంధీజీ మాట వెనుక నున్న ప్రశ్న నేటికిని చావలేదు. భూమి కులమెంచక కూల్చినది. కట్టువారము మనము కులమెంచి కట్టుదుమా?

ఇట్టి సమయమున సెరెజోల్ ఇండియాకు వచ్చెను. 1931 డిసెంబరులో గాంధీజీ స్విట్జర్లండుకు వెళ్ళినపుడే వారిరువురకు పరిచయము కలిగియుండెను. 1934లో ఆయన ముందుగా వచ్చి దెబ్బతిన్న ప్రాంతమును చూచుకొని, స్వదేశమునకు పోయి, మరల సహచరులతో తిరిగివచ్చెను. జో విల్కిన్సన్, పాల్ షెంకర్, ఫ్రేజర్ హాయ్‌లండ్ అనువారు ఆయనతో పనిచేసిరి. 1937 వరకు ఈ సేవ సాగెను. ముజఫర్‌పూరు జిల్లాలో వరదపాలగు పల్లెవారిని మెరకకు చేర్చి, వారితో కలిసి క్రొత్త పల్లెను కట్టిరి. దానికి శాంతిపురమని పేరు పెట్టిరి.

ఇచ్చట మనము గమనింపవలసినవి మూడు కలవు. మొదటిది: అది తెల్లదొరల యేలుబడి కాలము. దొర యనగా గుఱ్ఱముపై వచ్చి, గొడుగు క్రింద నిలిచి, ఆజ్ఞయిచ్చి పోవువాడని పల్లెజనులెఱుగుదురు. అట్టి చోట యాబదియైదేండ్ల తెల్లవాడు మట్టితట్ట మోయుట క్రొత్త దృశ్యము. చేతిపని తక్కువవాని పనియను భావము మన యగ్రవర్ణములలో వేరూనియుండిన దేశమున, ఆ దృశ్యము ఏ యుపన్యాసమును చెప్పలేని మాటను చెప్పెను. రెండవది: ప్రభుత్వమునకును కాంగ్రెసువారికిని పొసగని యా దినములలో, సెరెజోల్ ఇరువురతోను మాటాడి, ఇరువురి సహాయమును గొని పని నడిపెను. ఇల్లు లేనివానికి పార్టీ లేదని యాయన యెఱుగును. మూడవది: ఆయన బృందము మిక్కిలి చిన్నది. బీహారులో కూలిన యిండ్లతో పోల్చిన వారు కట్టినవి యేపాటి? సముద్రమున నీటిబొట్టు. ఆ సంగతి వారెఱుగుదురు. మాకు ముఖ్యముగా తోచునది సంఖ్య గాదు, పద్ధతి. పల్లెవారికై కట్టుట గాక, పల్లెవారితో కట్టుట. సెరెజోల్ పిదప క్వేకరు సమాజమున చేరి, 1945లో స్వర్గస్థుడయ్యెను.

మీలో కొందరికి లోలోపల నొక సందేహము మెదలుచుండవచ్చును. "ఇదంతయు మతములో కలుపుకొనుటకు వేసిన యెర గాదా?" అను ప్రశ్న. దీనిని దాచిపెట్టుట చరిత్రకారునకు ధర్మము గాదు. కావున మన యాంధ్రదేశపు కథ నొకదానిని చెప్పుదుము.

1876–78 సంవత్సరములలో దక్షిణదేశమును మహాక్షామము పీడించెను. అప్పుడు ఒంగోలులో అమెరికను బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ దొర యుండెను. ఆయన బకింగుహాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ళ భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించి కూలి యిచ్చెను. అందు మాదిగ సోదరులు పెక్కుమంది. ఆ కాలమున మతములో చేరుదుమని వచ్చినవారికి ఆయన దాదాపు పదునైదు నెలలు బాప్తిస్మ మిచ్చుటకు నిరాకరించెను. కూటికై చేరినారను మాట రారాదని యాయన యుద్దేశము. క్షామసహాయము ముగిసిన పిమ్మట 1878 జులై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద నొక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

దీనిని చదువరులు రెండు విధముల చూడవచ్చును. కూలి యిచ్చిన చేయియే పిదప మతమిచ్చెను గావున రెండును ఒకటే యని యొకరందురు. కూడు పెట్టినంత కాలము మతమును దూరముంచి, కూటితో పనిలేనినాడు వచ్చినవారిని చేర్చుకొనెను గావున అది ధర్మమే యని మరియొకరందురు. మేము వేరొక ప్రశ్న వేయుదుము. ఆ వేలమంది తరతరములుగా మన పల్లెల చివర నుండినవారే. వారికి క్షామమున పనియు, కూలియు, మనిషియను గౌరవమును మన పెద్దలు పిలిచి యిచ్చియుండిన యెడల, వారు సముద్రముల కావలి నుండి వచ్చిన వాని కొఱకు కాచుకొని యుందురా? పరుల యుద్దేశమును శంకించుటకు ముందు మన నిరుద్దేశమును విచారించుకొనుట మేలు.

ఇక ఆధునిక కాలమున నీ సేవ ప్రపంచవ్యాప్తమగుటకు కారణమైన యొక చరిత్ర కలదు. అమెరికాలో జార్జియా రాష్ట్రమున అమెరికస్ పట్టణ సమీపమున 1942లో క్లారెన్స్ జోర్డన్ అను క్రైస్తవ పండితుడు కొయినోనియా యను వ్యవసాయ క్షేత్రమును స్థాపించెను. అందు నల్లవారును తెల్లవారును ఒకే పంక్తిని భుజించిరి. ఇది సహింపలేని తెల్లవారు వారికి సరకు లమ్ముట మానిరి, బాంబులు వేసిరి. పంక్తి భోజనమునకు బాంబులేమి యని నవ్వకుడు. మన పంక్తుల చరిత్రయు మన కెఱుకయే. 1965 ప్రాంతమున మిల్లర్డ్ ఫుల్లర్ అను న్యాయవాది, ముప్పదియేండ్లు నిండకయే లక్షాధికారియై, ఆ ధనమునెల్ల త్యజించి, భార్యతో కూడ నచ్చటికి చేరెను. జోర్డన్, ఫుల్లర్ కలిసి యొక పద్ధతిని కనుగొనిరి. బీదవానికి ఇల్లు దానముగా నీయరాదు. లాభము లేక, వడ్డీ లేక, వాయిదాల మీద నీయవలెను. అతడును కట్టుబడిలో తన చెమటను కలుపవలెను. అతడు తీర్చిన వాయిదాలతో మరియొకని యిల్లు లేవవలెను. జోర్డన్ 1969లో మరణించెను. ఫుల్లర్ ఆఫ్రికాలోని జైరు దేశమున నీ పద్ధతిని పరీక్షించి, 1976లో హాబిటాట్ అను సంస్థను స్థాపించెను. అమెరికా దేశమునకు అధ్యక్షుడుగా నుండిన జిమ్మీ కార్టరు 1984లో సుత్తి పట్టుకొని ఈ పనిలో చేరుటతో దీని పేరు లోకమంతట వ్యాపించెను. తెలుగువారికి గర్వకారణమగు సంగతి యేమన, ఈ సంస్థ 1983లో ఇండియాలో తొలి యడుగు పెట్టినది మన ఖమ్మములోనే.

మెచ్చుకొనుటతో నాపిన చరిత్ర సగమే యగును. ఈ సేవలోని లోపమును కూడ చెప్పవలెను. 1998లో మిచ్ అను తుపాను మధ్య అమెరికాను ధ్వంసము చేసెను. హోండురాస్ దేశమున ఇండ్లు కట్టుటకు ఉత్తర అమెరికా నుండి చర్చి బృందములు తండోపతండములుగా వచ్చెను. పిదప నొక క్రైస్తవ కళాశాల ఆచార్యుడే యీ విషయమును పరిశీలించి, ఒక బృందము ప్రయాణమునకును ఇంటికిని కలిపి సుమారు 30 వేల డాలర్లు వెచ్చింపగా, స్థానిక సంస్థలు అట్టి యింటినే సుమారు 2 వేల డాలర్లకు కట్టగలిగినవని చూపెను. విదేశీయులు కట్టిన యింటను, స్థానికులు కట్టిన యింటను కాపురమున్నవారి జీవితములలో చెప్పదగిన భేదము గానరాలేదు. ఇంటికి వెళ్ళిన పిమ్మట సేవకుల దానశీలమును అంతగా పెరుగలేదు. లెక్క చూచిన, విమానపు టిక్కెట్ల డబ్బుతో మరికొన్ని యిండ్లు లేచియుండెడివి. తాపీ పట్టుట తెలియని చేతులు దూరదేశము నుండి ప్రయాణము చేసి వంకర గోడ కట్టుచుండగా, ప్రక్కనే పని తెలిసిన మేస్త్రీ పనిలేక చూచుచు కూర్చుండుట యే ధర్మము? ఈ ప్రశ్నను క్రైస్తవులు తమలో తామే వేసికొనిరి. తమ సత్కార్యమును తామే తూచుకొను ధైర్యము గలవారు గౌరవింపదగినవారు.

అయిన నా ప్రయాణములు వ్యర్థములేనా? మేమట్లు తలపము. దీనికి మా యనుభవమునే సాక్ష్యముగా పెట్టెదము.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెను. పదివేల మందికి పైగా ప్రాణములు విడిచిరి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలగు తీరపు పల్లెలలో నింటి గుర్తుగూడ మిగులలేదు. మేమప్పుడు ఇరువది రెండేండ్ల వారము. మాతోటి యువకులతో కలిసి బియ్యపు బస్తాలు, చీరల మూటలు లారీలో వేసికొని అవనిగడ్డ చేరితిమి. మాకు సామగ్రి యిచ్చిన పెద్దలు మనవారి పేర్లు వ్రాసిన కాగితమొకటి మా చేతికిచ్చిరి. ముందు మనవారికి, మిగిలిన తక్కినవారికి అని మాట. మాకది తప్పుగా తోచలేదు. ఎవరి బంధువులను వారు చూచుకొనుట లోకాచారమే గదా యనుకొంటిమి.

ఒక పల్లెలో మేమా కాగితమును చూచుచు వీధి వెదకుచుండగా, పల్లె చివరనుండి యొక ముసలమ్మ వచ్చి నిలిచెను. ఆమెవారెవ్వరును మిగులలేదని యెవరో చెప్పిరి. చీర మూటవంక చూచెను గాని చేయి చాపలేదు. మాలో నొకడు "ఈ వీధి అయినాక వస్తామమ్మా" అనెను. ఆమె కొంతసేపూరకుండి, "నీళ్ళు ఏ వీధని అడిగి వచ్చాయా బాబూ?" అని మాత్రమనెను. కోపములేదు. ఏడ్పులేదు. నిజముగా తెలియక యడిగినట్లే యడిగెను. మా చేతిలోని కాగితము తడిసిన గుడ్డవలె బరువెక్కెను. ఆ దినమున మిగిలిన మూటలను కాగితము చూడకయే పంచితిమి. కాని మొదటి పల్లెలలో కాగితము చూచి పంచినవి మరల రావు. ఆమెకు మేమిచ్చిన చీరయు ఆమె ప్రశ్నకు జవాబు గాదు.

మరుసటి వేసవిలో మరల నా ప్రాంతమునకు పోయితిమి. అప్పటికి పలువురు పూనుకొనియుండిరి. రామకృష్ణ మిషనువారు ఇండ్లు కట్టుచుండిరి. రాష్ట్రీయ స్వయంసేవక సంఘమువారు పల్లె నిర్మించుచుండిరి. ప్రొటెస్టెంటు, ఆర్థొడాక్సు చర్చిల సేవాసంస్థయైన కాసావారు తుపాను కాగు గట్టి ఆశ్రయభవనములకు పూనుకొనిరి. ఒక చోట విదేశీ యువకుడొకడు తాపీమేస్త్రీకి ఇటుకలందించుచుండెను. చేయి తిన్నగా రాదు. మేస్త్రీ కసరుచుండెను. ఆ తెల్లబిడ్డకు మాట తెలియకపోయినను కసరు తెలియును. తల యూచి మరల ఇటుక నందించును. ఆ మేస్త్రీ యే వాడ నుండి వచ్చెనో మేమెఱుగుదుము. మా యూరిలో నట్టివాడు మా తాతగారి యరుగెక్కి యెఱుగడు. అట్టివాడు గురువై కసరుచుండగా, చదువుకొన్న పడుచువాడు శిష్యుడై యిటుకలందించుట మేము తొలిసారి చూచితిమి. ఆ పిల్లవాడందించిన యిటుకల విలువ యేపాటిదో లెక్క గట్టవచ్చును. ఆ మేస్త్రీ వెన్ను తిన్ననగుట కేమి ధర కట్టుదుము?

కావున మా తాత్పర్యమిది. ప్రయాణము చేసి చేసిన సేవకు రెండు ఫలములు. ఒకటి యిల్లు, రెండవది మనిషి. ఇల్లు మాత్రమే కావలెనన్న డబ్బు పంపుట మేలు, స్థానిక మేస్త్రీలకు కూలి యిచ్చుట మేలు. హోండురాస్ కథ యిదే చెప్పుచున్నది. కాని వెళ్ళినవాని గర్వము కూలి, అతనిలో క్రొత్త యిల్లు లేవవలెనన్న, చేయి మట్టిలో పడవలెను. ఎన్ పల్లెలో జర్మనుకును, శాంతిపురములో దొరకును, అమెరికస్‌లో లక్షాధికారికిని కలిగినది ఈ రెండవ ఫలమే. మొదటి ఫలమును మరచి రెండవదానికై పోవుట స్వార్థము; బాధితుని గోడను మన యాత్మశుద్ధికి సాధనముగా చేసికొనుటయే యగును. రెండవదానిని మరచి మొదటిదానికై చెక్కు వ్రాసి పంపుట సుఖము. రెంటిని కలుపుటయే కష్టము. కష్టమైనదే చేయదగినది.

మన సంఘమునకు నిధులు కలవు, వసతిగృహములు కలవు, ఇంజనీర్లు, వైద్యులు, కాంట్రాక్టర్లు పెక్కుమంది కలరు. విదేశములలో స్థిరపడిన మన బిడ్డలును కలరు. మన తీరమునకు తుపానులు క్రొత్త గావు. 1977 తరువాత 1996లో కోనసీమను, 2014లో విశాఖను హుద్‌హుద్ పేర వచ్చి దెబ్బతీసినవి. మరల రావను మాట యెవరును చెప్పలేరు. వచ్చిన పిమ్మట కమిటీ వేయుట కంటె రాకముందే సిద్ధముగా నుండుట మేలు. కావున మహాసభవారి యెదుట మేము కొన్ని మనవులు పెట్టుచున్నాము.

మన యువకులలో నేడాదికి పది దినములు ఒసగగలవారితో గృహనిర్మాణ దళమును ఏర్పరుపవలెను. వారు విపత్తునకు ముందే తాపీ పనియో, వడ్రంగమో, కమ్మీలు కట్టుటయో కొంత నేర్వవలెను. నేర్పువారికి గురుదక్షిణ యీయవలెను. విపత్తు కలిగిన చోట స్థానిక మేస్త్రీలకే ముందు పని యీయవలెను. మనవారు వారి క్రింద పనివారుగా నుండవలెను, పై మేస్త్రీలుగా గాదు. ఇల్లు ఎక్కడ, ఎట్లు కావలెనో దానిలో కాపురముండువారినే, అందును స్త్రీలనే, ముందు అడుగవలెను. కట్టిన యింటి గోడపై మన సంఘము పేరుగాని, దాతల పేర్లుగాని చెక్కరాదు. పోషకులు కోపింపకుందురు గాక; ఆ యింటి గోడపై ఆ యింటివాని పేరుండుటయే న్యాయము. కడపటిది, ముఖ్యమైనది: బాధితుల పట్టీ వ్రాయునపుడు దానిలో కులమను గడి యుండరాదు.

ఈ కడపటి మాట కులసంఘపు సంచికలో వ్రాయుటకు మేము వెనుకాడలేదు గాని, వ్రాయునపుడు చేయి కొంత వణికినది. కులసంఘము కులమునకు గాక యెవరికై యని మీరడుగుదురు. మన సంఘము మన పిల్లలకు చదువు చెప్పించుట తప్పుగాదు. ఎవరి బిడ్డలను వారు పెంచుకొందురు. కాని సంఘము పుట్టినది మనలను పెద్దవారినిగా చేయుటకు. గోడలు కట్టుకొని చిన్నవారమగుటకు గాదు. సెరెజోల్ తన దేశమును విడువక యే పరదేశమున మట్టి మోసెను. క్లౌ దొర తన మతమును విడువక యే క్షామమున మతమడుగక కూలి యిచ్చెను. అట్లే మనమును మన కులమును విడువనక్కరలేదు. విపత్తు వచ్చిననాడు దానిని గుమ్మము బయట విడిచి లోపలికి పోయిన చాలును.

ఆ ముసలమ్మ యిప్పుడు లేదు. ఆమె ప్రశ్న మాత్రము మాతో నేబదియేండ్లకు దగ్గరగా నడిచి వచ్చినది. దానికి మేమొంటరిగా జవాబు చెప్పలేకపోతిమి. మహాసభవారు తీర్మానముగా కాక చేతగా జవాబు చెప్పుదురను నాశతో నీ వ్యాసమును ముగించుచున్నాము.

సర్వే జనాః సుఖినో భవంతు.